వైశాఖ పౌర్ణమి ఏ రోజు? గుహ్యబోధనల లెక్క, పంచాంగం లెక్క, వాటి వెనుక అర్థం

క్లుప్తంగా: 2026 మే నెలలో రెండు పౌర్ణములు వస్తున్నాయి, 1న ఒకటి, 31న ఒకటి. పంచాంగం ప్రకారం మొదటిదే వైశాఖ పౌర్ణమి. దివ్యజ్ఞాన (థియోసఫీ) బోధనల్లో, అంటే ఇక్కడ గుహ్యబోధనలు అంటున్నవాటిలో, చెప్పే వెసాక్ పండుగ కూడా ఈసారి ఆ రోజే. అయితే ప్రతి ఏడూ ఈ రెండూ కలవవు. 2021లో, 2024లో నెల తేడా వచ్చింది. రాశిచక్రాన్ని రెండు చోట్ల నుంచి లెక్కపెట్టడమే దానికి కారణం. గుహ్యబోధనల్లో ఈ పండుగ అర్థం వెన్నెల మీద కాదు, సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలోకి వచ్చే క్షణం మీద, దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు మనిషి ఏం చేస్తాడన్నదాని మీద నిలబడి ఉంది.

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో పౌర్ణమి ధ్యానాలకు వెళ్లేవారికి ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒకే సందేహం. గోడ మీది క్యాలెండరు ఒక తేదీ చూపిస్తుంది. ఫోనులో వచ్చిన ఆహ్వానం ఇంకో తేదీ చెబుతుంది. సింగపూరులో ఉన్న బంధువులు తమకు ఈసారి వెసాక్ సెలవు మే 31న అంటారు. ఎవరో పొరపాటు చేశారని అనిపిస్తుంది కానీ ఇందులో ఎవరి పొరపాటూ లేదు. ఒకే పేరు మీద మూడు నాలుగు లెక్కలు నడుస్తున్నాయి, అంతే. ఏ లెక్క దేనికోసం పుట్టిందో తెలిస్తే తేదీ చిక్కు దానంతటదే విడిపోతుంది, పండుగ అర్థం కూడా దగ్గరవుతుంది.

ఒక పౌర్ణమి, పలు పండుగలు

థేరవాద బౌద్ధంలో వైశాఖ పౌర్ణమి బుద్ధుడి జననం, సంబోధి (జ్ఞానోదయం), పరినిర్వాణం మూడింటికీ ఒకే రోజు. శ్రీలంకలో 1885 నుంచి ఇది ప్రభుత్వ సెలవు. ఆ సెలవు కోసం లండన్ దాకా వెళ్లి మాట్లాడినవాడు దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకడైన కల్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్. అదే ఏడు ఏప్రిల్ 28న, వెసాక్ నాడు, ఆరు పట్టీల బౌద్ధ పతాకం మొదటిసారి ఎగిరింది. 1999 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కూడా ఈ రోజును గుర్తించింది.

హిందూ పంచాంగంలో ఇది మహావైశాఖి. కూర్మ జయంతి, అన్నమాచార్య జయంతి ఈ రోజే. దీనికి ముందు రోజు, అంటే వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహ జయంతి. రాపూరు దగ్గర పెంచలకోనలో పెనుశిల లక్ష్మీనరసింహస్వామి ఉత్సవాలు ఆ రోజుల్లోనే జరుగుతాయి. నెల్లూరు జిల్లాలో చాలా ఇళ్లకు వైశాఖ పౌర్ణమి అంటే ముందు గుర్తొచ్చేది కోన తిరునాళ్లే, బుద్ధుడు ఆ తర్వాత.

మూడోది గుహ్యబోధనల వెసాక్. పై రెండింటితో పోలిస్తే వయసులో చాలా చిన్నది. దివ్యజ్ఞాన సమాజం రచయిత చార్లెస్ లెడ్‌బీటర్ 1920ల్లో రాసిన వర్ణనల ద్వారా, తర్వాత ఆ సమాజం నుంచి విడిపోయిన ఆలిస్ బెయిలీ బోధనల ద్వారా ఇది ప్రపంచమంతా తెలిసింది. తెలుగునాట దీన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఎక్కిరాల కృష్ణమాచార్య. 1926లో బాపట్లలో పుట్టిన ఆయన 1971లో విశాఖపట్నంలో ప్రారంభించిన జగద్గురు పీఠం, వరల్డ్ టీచర్ ట్రస్ట్, శాఖల్లో పౌర్ణమి ధ్యానం క్రమం తప్పని కార్యక్రమం. షిరిడీ సాయి, దత్త సంప్రదాయాల వారికి మాత్రం పెద్ద పౌర్ణమి ఆషాఢంలో వచ్చే గురుపౌర్ణమి. ఈ రెండు వర్గాలవారూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉండటం వల్ల రెండు పండుగల మాటలూ కలగలిసిపోతుంటాయి. గురుపౌర్ణమి వ్యాసుడికి, మనిషి రూపంలో ఉన్న గురువుకు కృతజ్ఞత చెప్పుకునే రోజు. వెసాక్ ఏ ఒక్క గురువు పూజా కాదు.

లోయలో ఏం జరుగుతుందంటారు

లెడ్‌బీటర్, బెయిలీ చెప్పినదాని సారం ఇది. హిమాలయాలకు అవతల ఒక లోయ ఉంది. చుట్టూ కొండలు, ఒక పక్క ఇరుకైన దారి, మధ్యలో పెద్ద బండరాయి. వైశాఖ పౌర్ణమి సమయానికి అక్కడ యాత్రికులు, లామాలు చేరతారు. రాతి మీద పాత్ర నిండా నీళ్లు పెడతారు. మానవజాతికి దారి చూపుతారని ఈ బోధన చెప్పే పరమగురువులు మంత్రాల మధ్య వలయంగా, త్రికోణంగా, నక్షత్రాకారంగా వరసలు మారుతూ నిలబడతారు. అందరికీ ముందు మైత్రేయుడు ఉంటాడు. క్రైస్తవులు క్రీస్తు అనేది ఈయన్నే అని ఈ బోధన అంటుంది. పౌర్ణమి ఘడియ పూర్తయ్యే క్షణానికి ఆకాశంలో చిన్న చుక్కలా మొదలై, దగ్గరవుతూ, పద్మాసనంలో బుద్ధుడి రూపం కనిపిస్తుంది. ఆశీర్వదించి వెనుదిరుగుతుంది. కనిపించి మరుగయ్యేదాకా పట్టేది సుమారు 8 నిమిషాలు అంటారు. తర్వాత ఆ నీళ్లు అందరికీ తీర్థంగా పంచుతారు.

ఈ కథకు బౌద్ధ ధర్మగ్రంథాల్లో ఆధారం లేదన్నది ముందే చెప్పుకోవాలి. థేరవాదంలో పరినిర్వాణం అంటే తిరిగి రాకపోవడమే. ఏడాదికోసారి వచ్చి ఆశీర్వదించే బుద్ధుడు ఆ సిద్ధాంతంలో ఇమడడు. మహాయానంలోని బోధిసత్త్వ భావన మాత్రం దీనికి దగ్గరగా ఉంటుంది. చివరి ప్రాణి దాటేదాకా తాను దాటనని వెనక్కి తిరిగిన కరుణ అది. గుహ్యబోధన దాన్ని తీసుకుని బుద్ధుడికే అన్వయించింది.

ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం స్తూపాన్ని చూసినవారికి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అది తొలి బౌద్ధం కాలం నాటిది. ఆ దశలో ఆంధ్రదేశపు శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం, చెట్టు, చక్రం, పాదాల గుర్తులు చెక్కారు. సంబోధి చూపించాలంటే చెట్టు, పరినిర్వాణం చూపించాలంటే స్తూపం. ఆయన అక్కడ లేడు, ఆయన ధర్మం ఉంది అన్నదే ఆ రాతి భాష. లోయ కథలో ఆకాశంలో రూపం కనిపించాలి. ఈ రెండింటినీ ఒకటే అని కలిపేయడం కంటే, ఒకటి లేమి ద్వారా, ఒకటి దర్శనం ద్వారా చెబుతున్నాయని గమనించడం న్యాయం.

మరి లోయను అక్షరాలా నమ్మాలా? ఈ మార్గంలో ఉన్నవారిలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కొందరికి అది భూమి మీద ఉన్న చోటు. కొందరికి అది ధ్యానంలో మనసు చేరే స్థితి. కొండల మధ్య ఇరుకు దారి ఏకాగ్రత, నీటి పాత్ర నిశ్చలమైన మనసు, రాయి స్థిరత్వం. ఏ అభిప్రాయం పట్టుకున్నా ఆచరణలో మార్పేమీ రాదు. ఒంగోలులో చాప మీద కూర్చున్నవాడు చేయాల్సిన పని ఒక్కటే: నీళ్లలా ఉండటం, అందినదాన్ని పంచడం.

చంద్రుడి మహిమా, వరుస మహిమా

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పౌర్ణమి ధ్యానం అంటే చంద్రుడి శక్తిని తీసుకోవడం అనుకుంటారు. డాబా మీద వెన్నెల్లో కూర్చుంటే ఫలితం ఎక్కువ అనుకుంటారు. బెయిలీ బోధన సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. అందులో చంద్రుడు జీవం అయిపోయిన చిప్ప. సొంత ప్రభావం ఏమీ లేదు. పౌర్ణమి నాడు చంద్రుడు భూమికి అవతలి పక్కకు వెళతాడు కాబట్టి సూర్యుడికీ భూమికీ మధ్య అడ్డు తొలగుతుందని, ఆ తెరిచిన దారిలో వెలుగు నేరుగా వస్తుందని దాని భావం. సూర్యుడు ఆత్మకు, చంద్రుడు దేహం, మనసు కలిసిన వ్యక్తిత్వానికి గుర్తులు. వ్యక్తిత్వం దారికి అడ్డులేకుండా పక్కకు జరిగి, పూర్తిగా వెలుగును ప్రతిఫలించే స్థితి పౌర్ణమి. అమావాస్య నాడు అదే చంద్రుడు మధ్యలో నిలబడతాడు.

మన వైదిక సంప్రదాయం చంద్రుణ్ణి ఇంత తక్కువగా చూడదు. పురుషసూక్తంలో 'చంద్రమా మనసో జాతః' అని ఉంది. చంద్రుడు ఓషధులకు అధిపతి, పదహారు కళలవాడు. ఇంతకీ రెండు మాటల మధ్య దూరం పైకి కనిపించినంత లేదు. చంద్రుడు మనసుకు గుర్తు అన్నచోట ఇద్దరూ కలుస్తారు. మనసే సర్వస్వం కాదు, అద్దం లాంటిది అన్నచోట కూడా కలుస్తారు. అద్దాన్ని గౌరవించాలా, అద్దంలో పడే వెలుగును చూడాలా అన్నదగ్గర మాత్రం విడిపోతారు. తెలుగు గురువులు రెండింటినీ కలుపుకుపోయారు కాబట్టి ఇక్కడి ధ్యానబృందాల్లో చంద్రుణ్ణి చిన్నచూపు చూడటం ఉండదు.

బెయిలీ చెప్పే మూడు కేంద్రాలు కూడా ఇక్కడే అర్థమవుతాయి. సంకల్పానికి స్థానం శంబళ, ప్రేమకు స్థానం పరమగురువుల మండలం, బుద్ధికి స్థానం మానవజాతి. శంబళ పేరు తెలుగువారికి కొత్త కాదు. భాగవతం ప్రకారం కల్కి పుట్టే ఊరు శంబళ గ్రామం. వెసాక్ నాడు బుద్ధుడు సంకల్పపు వెలుగును, మైత్రేయుడు ప్రేమను అందిస్తారని, మానవజాతి ఆ రెండింటినీ అందుకునేంత నిశ్శబ్దంగా ఉండాలని ఈ బోధన. ఏడాదిలో వరుసగా వచ్చే మూడు పౌర్ణములకు మూడు పాత్రలున్నాయి. మేషంలో ఈస్టర్ పౌర్ణమి, ప్రేమకు. వృషభంలో వెసాక్, జ్ఞానానికి. మిథునంలో సద్భావన పౌర్ణమి, మనుషుల ప్రార్థనకు. ప్రపంచ ఆవాహన దినం అనే పేరు 1952 నుంచి మిథున పౌర్ణమికి ఉంది. ఆ రోజు ప్రధానంగా చదివే మహా ఆవాహన ప్రార్థన ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1945లో, యుద్ధం ముగిసే రోజుల్లో.

తేదీ ఎందుకు విడిపోతుంది

మేషం, వృషభం అని ఇక్కడ చెప్పినవి మన పంచాంగం రాశులు కావు. అసలు చిక్కంతా ఈ ఒక్క మాటలో ఉంది.

పాశ్చాత్యులది సాయన లెక్క. వసంత విషువత్తు నాడు సూర్యుడున్న చోటే మేషం మొదలు. మనది నిరయన లెక్క. నక్షత్రాలను ఆనుకుని మేషం మొదలు. ఈ రెండు మొదళ్ల మధ్య దూరం, అయనాంశ, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ నడుస్తాడు కాబట్టి 24 రోజుల తేడా. సాయన వృషభం ఏప్రిల్ 20 నుంచి మే 20 దాకా. నిరయన వృషభం మే 15 నుంచి జూన్ 14 దాకా.

బెయిలీ వెసాక్ అంటే సూర్యుడు సాయన వృషభంలో ఉండగా వచ్చే పౌర్ణమి. పంచాంగంలో వైశాఖం అంటే సూర్యుడు నిరయన వృషభంలోకి అడుగుపెట్టే చాంద్రమాసం. ఆ సంక్రమణం మే 14 లేదా 15న. అందువల్ల వైశాఖ పౌర్ణమి ఏప్రిల్ 30కీ మే 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. మే 20 లోపు పడితే రెండు పండుగలూ ఒకే రోజు. 21 దాటిందంటే సూర్యుడు అప్పటికే సాయన మిథునంలో ఉంటాడు. అప్పుడు వెసాక్ ముందు నెలకు, మన చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. ముప్పై రోజుల్లో పది రోజులు ఇలాంటివి కాబట్టి సగటున మూడేళ్లకోసారి ఈ తేడా తప్పదు. 2024లో బుద్ధపౌర్ణమి మే 23న, గుహ్యబోధనల వెసాక్ ఏప్రిల్ 24 తెల్లవారుజామున అయింది.

2026లో ఈ ఇబ్బంది లేదు. ఏప్రిల్ 2 ఉదయం 7.42కు మేష పౌర్ణమి, అది మనకు చైత్ర పౌర్ణమి. మే 1 రాత్రి 10.53కు వెసాక్, అదే వైశాఖ పౌర్ణమి. మే 31 మధ్యాహ్నం 2.15కు మిథున పౌర్ణమి. మనకు మే 17 నుంచి అధిక జ్యేష్ఠం కాబట్టి చివరిది అధిక జ్యేష్ఠ పౌర్ణమి. సింగపూరువారు చైనా పద్ధతిలో నాలుగో నెల పదిహేనో రోజు చూస్తారు, అది మే 31న పడింది. అధికమాసాన్ని ఎక్కడ కలపాలన్నది ఒక్కో దేశం ఒక్కోలా లెక్కిస్తుంది. వారి సెలవు చూసి ఇక్కడ తేదీ మార్చుకోనక్కర్లేదు.

ఆ క్షణాన్ని పంచాంగంలో పట్టుకోవడం

ఇది తెలుగువారికి చాలా సులువు, కానీ చాలామంది గమనించరు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం. పౌర్ణమి తిథి 168 డిగ్రీల దగ్గర మొదలై 180 దగ్గర ముగుస్తుంది. ఎదురెదురుగా నిలిచే క్షణం అంటే 180. కాబట్టి పంచాంగంలో 'పౌర్ణమి రా.10.53 వరకు' అని ఉంటే, ఆ 'వరకు'నే నిండు పున్నమి క్షణం. వేరే ఏ పట్టికా అక్కర్లేదు. ఖగోళశాస్త్రజ్ఞులు వేసే సమయం, నేటి ఖగోళ లెక్కలతో వేసే దృక్సిద్ధాంత పంచాంగంలో తిథి ముగిసే సమయం ఒకటే, నిమిషం అటూ ఇటూ.

పాత పద్ధతిలో ఘడియలు ఇచ్చే పంచాంగమైతే సూర్యోదయం నుంచి లెక్క. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. నెల్లూరులో మే 1న సూర్యోదయం సుమారు 5.50కి. అక్కడి నుంచి 42 ఘడియల 35 విఘడియలు కలిపితే 17 గంటల 2 నిమిషాలు, అంటే రాత్రి 10.52. అద్దంకిలోనో కావలిలోనో సూర్యోదయం నిమిషం రెండు నిమిషాలు మారినా ఘడియల అంకె మారుతుందే తప్ప అసలు క్షణం మారదు. అది ప్రపంచమంతటికీ ఒకటే. నెల్లూరులో రాత్రి 10.53 అయినప్పుడు న్యూయార్కులో మధ్యాహ్నం 1.23. వేల చోట్ల ఒకేసారి కూర్చోవడం అన్నది ఈ పండుగకు ప్రాణం కాబట్టి స్థానిక చంద్రోదయం కంటే ఈ క్షణానికే విలువ.

తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే, మొదటిది పాత గ్రంథపు లెక్కలతో వేసే సూర్యసిద్ధాంత పంచాంగం వాడటం. వ్రతాలకు అది మన సంప్రదాయం, కాదనలేం. కానీ దానికీ దృక్కుకూ కొన్నిసార్లు గంటల తేడా ఉంటుంది. సూర్యచంద్రుల మధ్య దూరం గంటకు అరడిగ్రీ మారుతుంది. నాలుగు గంటలు తేడా వస్తే రెండు డిగ్రీలు దాటిపోయినట్టే. ఎదురెదురు క్షణం పట్టాలంటే దృక్సిద్ధాంతమే చూడాలి. రెండోది, క్యాలెండరు గడిలో నిండు చందమామ బొమ్మ ఉన్న తేదీనే తీసుకోవడం. ఆ బొమ్మ సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టో, సాయంత్రం సత్యనారాయణ వ్రతాన్ని బట్టో వేస్తారు. 2024 ఏప్రిల్‌లో పౌర్ణమి క్షణం 24వ తేదీ ఉదయం 5.19కి అయింది. బొమ్మ ఉన్న 23 రాత్రి తొందరగా పడుకుని 24 సాయంత్రం కూర్చున్నవారు పన్నెండు గంటలు దాటాక కూర్చున్నారు. మూడోది, తిథి ఎప్పుడూ 24 గంటలే అనుకోవడం. చంద్రుడు దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. తిథి 19 గంటల నుంచి 26 గంటల దాకా సాగుతుంది. ఈ మే 1 పౌర్ణమి ఏప్రిల్ 30 రాత్రి 9.12కు మొదలై దాదాపు 25 గంటల 40 నిమిషాలు ఉంటుంది.

క్షణం అర్ధరాత్రి దాటాకో పగటిపూటో పడితే? దానికి ముందే కూర్చోవాలన్నది పద్ధతి. పున్నమికి ముందు చంద్రుడు నిండుతున్నాడు, మనసు పైకి ఎక్కుతోంది. దాటాక తరుగుదల. ముందు సాయంత్రం కూర్చున్నా ఫరవాలేదు కానీ మర్నాటికి జరపకూడదు. మే 31 పౌర్ణమి మధ్యాహ్నం 2.15కి, రోహిణి కార్తె ఎండలో. ఆ వేళ చంద్రుడు మన ఆకాశంలోనే ఉండడు. చల్లటి గదిలో కిటికీ తెరలు వేసుకుని కూర్చోవడమే సరి, డాబా ఆలోచన వద్దు.

ఐదు రోజులు, ఒక నీటి పాత్ర

వెసాక్ ఒక్క రాత్రి పండుగ కాదు. ముందు రెండు రోజులు సిద్ధపడటం, పౌర్ణమి రోజు నిలుపుకోవడం, తర్వాత రెండు రోజులు పంచడం. మన తిథుల్లో త్రయోదశి, చతుర్దశి, పౌర్ణమి, పాడ్యమి, విదియ. ఏప్రిల్ 30 చతుర్దశి నృసింహ జయంతి కావడం ఇక్కడివారికి కలిసొచ్చే విషయం. ఆ రోజు ఉపవాసం ఎలాగూ ఉంటుంది. సాయంత్రం పూజయ్యాక పానకం, వడపప్పు. లీటరు నీటికి 200 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, రెండు మూడు యాలకులు. నిమ్మరసం కూడా పిండే ఇళ్లలో ఒక జాగ్రత్త అవసరం. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు నిలవ ఉంటే లోహం దిగుతుంది, వాంతులవుతాయి. పానకానికి స్టీలు గిన్నో మట్టికుండో మేలు. ఉట్టి మంచినీళ్లకైతే రాగిచెంబు దోషం లేదు.

సిద్ధపడే రెండు రోజుల్లో ముఖ్యం ఆహారం కంటే మాట. తగాదాలు తేల్చుకోవడం, అప్పు గురించి గట్టిగా అడగడం, ఎవరి మీదో నాలుగు మాటలు అనడం ఈ రెండు రోజులకు వాయిదా వేయాలి. కారణం సూటిగా ఉంది. కదిలే నీళ్లలో ప్రతిబింబం నిలవదు. షుగరు మాత్రలు వేసుకునేవారు, బాలింతలు, పెద్ద వయసువారు మే ఎండల్లో పూర్తి ఉపవాసం జోలికి పోకూడదు. మజ్జిగ, పండ్లు, కొంచెం పెరుగన్నం చాలు. ధ్యానంలో కళ్లు తిరగడం ఏదో అనుభవం అని మురిసిపోయేవారు కనిపిస్తారు. ఆ ఎండలో అది చాలాసార్లు ఒంట్లో నీరు తగ్గడమే.

మే 1 రాత్రి క్రమం ఇలా ఉంటే సరిపోతుంది. 10 గంటలకల్లా అందరూ చేరాలి. ఫోన్లు ఆపాలి. మధ్యలో చిన్న బల్ల మీద అంచుదాకా నింపని నీటి పాత్ర, ఒక్క దీపం. ఉపన్యాసం ఉంటే పది నిమిషాలకు మించకూడదు. ఎక్కువగా చెడేది ఇక్కడే. వక్త ముప్పావు గంట మాట్లాడతాడు, చూస్తుండగానే 10.50 అవుతుంది, జనం ఇంకా కాళ్లు సర్దుకుంటూ ఉంటారు. 10.25కి ఓంకారం, గాయత్రి. ఐదు నిమిషాలు శ్వాసను దాని దారిన వదిలి గమనించడం. కుంభకం పట్టి ఊపిరి బిగించడం వద్దు. అలవాటు లేనివారికి గుండెదడ వస్తుంది, ధ్యానం అక్కడే తెగుతుంది. తర్వాత అదే సమయంలో కూర్చున్న మిగతావారందరితో మనసులో ఒక గీత కలుపుకోవడం. 10.40 నుంచి 11 దాకా మౌనం. ఈ మౌనంలో ఏమీ అడగకూడదు. పిల్లాడి సీటు, ఇంటి రిజిస్ట్రేషను, సంబంధం కుదరడం ఇవి మొక్కుకోవడానికి ఏడాదంతా గుళ్లున్నాయి. ఇది అందుకుని పంచే వేళ కాబట్టి నా కోసం అన్న ఆలోచన ఒక్కటి చాలు, నీళ్లు కదలడానికి. చివర మహా ఆవాహన, 'సర్వే జనాః సుఖినో భవంతు', ఆపైన నీళ్లు తీర్థంగా.

నీళ్లు ఎందుకంటే, లోయ కథలో ఉన్నాయి కాబట్టి అన్నది సగం సమాధానం. పాత్రలో నీళ్లకు సొంత ఆకారం లేదు. పాత్ర ఎలా ఉంటే అలా ఉంటాయి, పైన వెలుగు ఎలా పడితే అలా చూపిస్తాయి, చివరికి పది చేతుల్లోకి వెళ్లిపోతాయి. ధ్యానం చేసేవాడికి కావాల్సిన మూడు గుణాలూ ఒక్క చెంబులో కళ్ల ముందున్నాయి. నీళ్లు మిగిలితే మొక్కలకు పోయాలి, సింకులో పారబోయకూడదు.

తర్వాతి రెండు రోజులు ఎక్కువమంది వదిలేసే భాగం. ధ్యానంతో పని అయిపోయిందని పాడ్యమి ఉదయం మామూలు జీవితంలో పడిపోతారు. బోధన దృష్టిలో అందుకున్నది నిలవ ఉంటే ఇరుక్కుంటుంది. చిరాకు, నిద్రలేమి, మాటలో గర్వం అలా బయటపడతాయంటారు. వాడుకలో పాడ్యమి, విదియ రోజుల్లో చలివేంద్రం పెట్టడం, మజ్జిగ పంచడం, ఊళ్లో ఎవరికో చదువు చెప్పడం లాంటి పనులు పెట్టుకుంటే సరి. మే నెలలో చలివేంద్రానికి మించిన వెసాక్ సేవ ఈ జిల్లాల్లో కనిపించదు.

కాలువ మీద వచ్చిన మాట

ఈ బోధన ఇక్కడికి నిన్న మొన్న ఇంటర్నెట్‌లో రాలేదు. 1882 మే నెలలో దివ్యజ్ఞాన సమాజం స్థాపకులు బ్లావట్‌స్కీ, ఆల్కాట్ మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలువలో పడవ మీద నెల్లూరు వచ్చారు. అప్పటికి ఈ దారిలో రైలు లేదు. ఉప్పు, ధాన్యం, కలప అన్నీ కాలువ మీదే. నెల్లూరులో సమాజం శాఖ ఏర్పడింది. అక్కడి నుంచి మళ్లీ పడవలోనే ఉత్తరానికి, పెదగంజాం దాకా వెళ్లి, అక్కడ దిగి పల్లకీల్లో గుంటూరు చేరారు. పెదగంజాం ఆ తర్వాత చాలాకాలం ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. వారు అడయారులో స్థిరపడింది అదే ఏడు డిసెంబరులో. అంటే ప్రధాన కార్యాలయం అడయారు చేరకముందే ఆ మాట నెల్లూరు చేరింది.

అప్పటికి వెసాక్ లోయ కథ ప్రచారంలో లేదు, పౌర్ణమి ధ్యానాలూ లేవు. వచ్చింది బ్రహ్మవిద్య అందరిదీ అన్న మాట ఒక్కటే. బెయిలీ 1920 ప్రాంతంలో సమాజం నుంచి విడిపోయి సొంత దారి పట్టింది. అందుకే దివ్యజ్ఞాన సమాజం శాఖల్లోను, బెయిలీ బోధనల బృందాల్లోను, మాస్టర్ సి.వి.వి. యోగం చేసేవారిలోను పౌర్ణమి పద్ధతి అచ్చంగా ఒకేలా ఉండదు. సి.వి.వి. సాధకులకు ఉదయం 6, సాయంత్రం 6 ప్రార్థనలే ప్రధానం, మే నెలలో వారి పెద్ద రోజు 29వ తేదీ, 1910లో ఆ యోగం మొదలైన రోజు. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట తప్పు అనడం అనవసరం.

పోటు, నిద్ర, శరీరం

మైపాడు, కొత్తపట్నం బెస్తవారికి పౌర్ణమి పోటు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రాన్ని లాగే చంద్రుడు ఒంట్లో నీటిని లాగడా అన్నది పౌర్ణమి ప్రసంగాల్లో తరచూ వినిపించే వాదం. ఇది నిలవదు. పోటు వచ్చేది భూమికి ఒక పక్క చంద్రుడి ఆకర్షణకు, అవతలి పక్క ఆకర్షణకు మధ్య తేడా వల్ల. ఆ తేడాకు 12,742 కిలోమీటర్ల భూవ్యాసం ఉంది. ఐదున్నర అడుగుల మనిషిలో తలకూ పాదాలకూ మధ్య ఆ తేడా లెక్కలోకి రాదు. పైగా పోటు అమావాస్యకూ అంతే వస్తుంది. మనసు మీద ప్రభావం పోటు వల్లే అయితే అమావాస్య ధ్యానం కూడా ఇలాగే ఉండాలి.

నిద్ర విషయంలో కొంత ఆధారం ఉంది. 2013లో స్విట్జర్లాండులోని బాసెల్ పరిశోధకులు, వెన్నెల పడని ప్రయోగశాలలో పడుకున్నవారు కూడా పౌర్ణమి రోజుల్లో సగటున 20 నిమిషాలు తక్కువ నిద్రపోయారని గమనించారు. తర్వాతి అధ్యయనాలు అన్నీ దాన్ని బలపరచలేదు. గుహ్యబోధనకు ఈ ఆధారాలు అవసరం కూడా లేవు. అది చంద్రుడి ఆకర్షణ గురించి మాట్లాడటం లేదు. వేలమంది ఒకే క్షణానికి మౌనంగా ఉండటానికి ఆకాశం పెట్టిన ఒక గుర్తు గురించి మాట్లాడుతోంది.

2027లో వచ్చే చిక్కు

వచ్చే ఏడాదికి బృందాలు ఇప్పుడే ఆలోచించుకోవాల్సిన విషయం ఒకటుంది. సూర్యుడు సాయన వృషభంలో ఉండగానే రెండు పౌర్ణములు పడుతున్నాయి. మొదటిది ఏప్రిల్ 21 తెల్లవారుజామున 3.57కి, సూర్యుడు వృషభంలోకి వచ్చిన కొన్ని గంటలకే. రెండోది మే 20 సాయంత్రం 4.29కి, మర్నాడే వృషభం వదులుతాడనగా. రాశి లెక్క ప్రకారం రెండూ వెసాక్ అవుతాయి. పంచాంగం మాత్రం తేల్చి చెబుతోంది. ఏప్రిల్‌ది చైత్ర పౌర్ణమి, మే 20 వైశాఖ పౌర్ణమి, బుద్ధపౌర్ణమి కూడా అదే. రాశి లెక్క ఎటూ తేల్చని చోట నెల్లూరు, ప్రకాశం బృందాలు పంచాంగాన్ని అనుసరించి మే 20నే వెసాక్‌గా తీసుకుని, ఏప్రిల్ 20 రాత్రి కూర్చునేదాన్ని మామూలు చైత్ర పౌర్ణమి ధ్యానంగా ఉంచుకోవడం సబబు. మే 20న సాయంత్రం 4 గంటలకల్లా గది సిద్ధం కావాలి. పనిరోజు, గురువారం. సెలవు పెట్టుకునేవారు ముందే చెప్పుకుంటే మంచిది.